ఎద్దు గుర్తు బండి

మహాశివరాత్రి వచ్చినదనగా మా మేళ్లచెరువులో రెండు ధ్వనులు ప్రధానముగా వినవచ్చును. ఒకటి స్వయంభు శంభులింగేశ్వరస్వామి ఆలయపు గంట. రెండవది ఎడ్ల పందెముల బరిలో పెనుబండ నేలను ఒరసికొనుచు కదలునప్పటి చప్పుడు. మొదటిది విన్నవారు చేతులు జోడింతురు. రెండవది విన్నవారు పరుగెత్తుదురు. నేను అరువది దాటినవాడనయ్యును ఈ రెండవ వరుసలోనివాడనే.

ఆ పందెములకు ఎడ్లు ఎక్కడెక్కడి ఊళ్లనుండియో లారీలలో వచ్చును. అవి ఒంగోలు జాతివి. పాలవలె తెల్లని మేను, గుట్టవలె లేచిన మూపురము, మోకాళ్లదాక వ్రేలాడు గంగడోలు. వాని వయస్సును పండ్లనుబట్టి లెక్కింతురు. రెండు పండ్ల జతల కొక పందెము, నాలుగు పండ్ల జతల కొకటి, ఆరు పండ్ల జతల కొకటి, ఇట్లు విభాగము లేర్పరతురు. కాడి మెడపై పడగనే ఆ జత కాళ్లను నేలలో నాటి, వెన్నును విల్లువలె వంచి లాగును. నిర్ణీతమైన నిమిషములలో బండను ఎన్ని అడుగుల దూరము లాగినదో కొలిచి బహుమానము లిత్తురు. ఈ కొలతలు మా ఊరి పిల్లలకు ఎక్కములకంటె ముందు వచ్చును.

ఈ యేటి జాతరలో ఆ బరి అంచున ఒక ట్రాక్టరు నిలిచియుండెను. దాని వెనుక చక్రమును కప్పిన రేకుపై పసుపు రంగుతో చేతితో వ్రాసిన ఎద్దు బొమ్మ కలదు. తల వంచి, కొమ్ములు ముందుకు చాచి, కుమ్మ వచ్చుచున్నట్లు దానిని వ్రాసిరి. చూచినవారిలో కొందరు నందీశ్వరుడనిరి. కొందరు నిరుడు బహుమానము పొందిన ఎద్దనిరి. దగ్గరకు పోయి చూచినచో దానికి మూపురము లేదు. మూపురము లేని ఎద్దు మన దేశపు టెద్దు కాదు. అది ఎక్కడిదో ఆ జాతరలో ఇద్దరికే తెలిసియుండును. ఒకడు ఆ ట్రాక్టరు యజమాని, నా పూర్వ విద్యార్థి. రెండవవాడను నేను. నాకు తెలిసిన తీరు అంత గౌరవకరమైనది కాదు.

అది 1989వ సంవత్సరము. నేను తెలుగు పండితుడనై కొలువులో చేరి కొన్ని యేండ్లే అయినది. ఒకనాడు ఎనిమిదవ తరగతిలో ఉత్పలమాల గణములు చెప్పుచుండగా, చివరినుండి రెండవ వరుసలో ఒక బాలుడు బల్లక్రింద ఏదో చూచుకొనుచుండెను. నేను దగ్గరకు పోయి లాగికొంటిని. అది విదేశ పత్రికలోని ఒక పుట. ఆ దినములలో మా ప్రాంతపు సున్నపురాయిని నమ్ముకొని సిమెంటు కర్మాగారములు వెలసినవి. వానితోపాటు ఇంజనీర్లు వచ్చిరి. వారి యిండ్లలోని పాత పత్రికలు తూకమునకు కిరాణా కొట్లను చేరెడివి. ఈ పుట బెల్లపు పొట్లముగా వారి యింటికి వచ్చినదట. మూలన జిడ్డు మరక యింకను ఉండెను.

బొమ్మలో నారింజ రంగు కారొకటి కలదు. నేలకు కరచుకొని యున్నట్లు పొట్టిది. దాని వెనుక భాగము పెట్టె మూతవలె తెరచియుండగా లోపలి యంత్రము కనబడుచుండెను. మూల చిన్న చిహ్నములో మూపురము లేని ఎద్దు.

“ఏమిటిరా ఇది?” అంటిని.

“కారు సార్. దీని ఇంజను ముందల లేదు సార్, మనిషి ఎనకాల ఉన్నది. బరువంత ఇరుసుకాడ...”

నేను వాని మాటను ముగియనీయలేదు. “మీ నాయన తోలేది ఎడ్లబండి. ముందు దాని ఇరుసుకు కందెన పెట్టడం నేర్చుకో. కార్ల సంగతి నీకెందుకు?” అని ఆ కాగితమును నాలుగు ముక్కలుగా చించితిని. తరగతి అంతయు నవ్వినది. నేనును కొంచెము నవ్వితినని చెప్పుటకు సిగ్గగుచున్నది. ఆ బాలుడు మరుసటి యేడు నడుమనే బడి మానెను. ఇంట ఒక ఎద్దు చచ్చినదనియు, తండ్రికి చేతిసాయము కావలసివచ్చినదనియు ఎవరో చెప్పిరి. నేను విచారింపలేదు.

పదవీ విరమణ చేసిన పిమ్మట, నిరుటి దసరా సెలవులలో మనుమనితో హైదరాబాదు పోయితిని. వాడును ఎనిమిదవ తరగతియే. చౌమహల్లా సౌధములో నిజాము ప్రభువుల కార్లున్నవని విని వాడు నన్ను వెంటబెట్టుకొని పోయెను. అక్కడ పసుపు పచ్చని రోల్స్ రాయిస్ కారొకటి కలదు. 1912 నాటిది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కొరకు కోరబడి, ఆయన 1911లో మరణింపగా, ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖాన్ కాలమున వాడుకలోనికి వచ్చినది. వెనుక భాగమున ఆసనము సింహాసనమువలె అమర్చబడినది. కప్పు గుమ్మటమువలె నుండును. లండను నగరపు బార్కర్ సంస్థవారు దాని పైభాగమును కట్టిరి. ఎంతో అందమైన బండి. కాని అది తన జీవితకాలమున పరుగెత్తిన దూరము కొన్ని వందల మైళ్లు మాత్రమేనట. ఊరేగింపులకు కట్టిన ఏనుగువంటిది.

మనుమడు దానిచుట్టు రెండుమారులు తిరిగి, “తాతయ్యా, దీన్ని చూసి తర్వాతి కార్లవాళ్లు ఏం నేర్చుకున్నారు?” అని అడిగెను. నాకు తోచలేదు. వాడే, “ఏమీ నేర్చుకోలేదు కదా? నేర్చుకున్న కారు వేరే ఉంది, ఇంటికి వెళ్లాక చూపిస్తా” అనెను. ఆ రాత్రి కంప్యూటరు తెరపై వాడు చూపిన బొమ్మను చూచి నేను కుర్చీలో వెనుకకు వాలితిని. నారింజ రంగు. తెరచిన వెనుక మూత. దాని పేరు మియురా. చేసినవారు ఇటలీ దేశపు లంబోర్గిని సంస్థవారు. నేను చించినది దానినే.

ఆ పిమ్మట కొన్ని నెలలు మనుమడు నాకు గురువైనాడు. వాడు చూపినవియు, నేను చదివినవియు కలిపి చెప్పెదను.

ఫెరూచ్చో లంబోర్గిని 1916 ఏప్రిల్ 28న ఉత్తర ఇటలీలోని రెనాజో అను పల్లెలో పుట్టెను. తలిదండ్రులు ద్రాక్ష పండించు రైతులు. బాలునకు తోటకంటె తోటలోని పనిముట్లపై మక్కువ. రెండవ ప్రపంచయుద్ధమున ఆయన రోడ్స్ ద్వీపములో వాయుసేన వాహనములను బాగుచేయు పనిలో నుండెను; ఆంగ్లేయులకు బందీయై, యుద్ధానంతరము ఇల్లు చేరెను. అప్పుడు పల్లెలలో దున్నుటకు యంత్రములు లేవు. సైన్యములు విడిచిపోయిన పాత వాహనములు మాత్రము గుట్టలుగా పడియుండెను. వాని భాగములను విప్పి తెచ్చి ఆయన ట్రాక్టర్లను కట్టెను. పెట్రోలు ప్రియమగుటచే, ఇంజను పెట్రోలుతో మొదలై, వేడెక్కిన పిమ్మట చౌకయైన డీజిలుతో నడుచునట్లు ఒక ఉపాయము పన్నెను. 1948లో చెంతో పట్టణమున ట్రాక్టర్ల కార్ఖానా నెలకొల్పెను. కార్లు చేయుట 1963లోగాని మొదలిడలేదు.

కార్లవైపు ఏల మరలెనన్న దానికొక కథ కలదు. ధనవంతుడైన పిమ్మట కొన్న ఫెరారీ కారు క్లచ్చి మాటిమాటికి చెడుచుండగా, ఆ సంగతి చెప్పుటకు ఆయన ఎంజో ఫెరారీ వద్దకు పోయెననియు, ట్రాక్టర్లు తోలుకొనువానికి ఈ కార్ల సంగతి ఏమి తెలియునన్న రీతిగా సమాధానము వచ్చెననియు చెప్పుకొందురు. లంబోర్గినియే ఉత్తరకాలమున దీనిని చెప్పెను. ఎంతవరకు నిజమో గాని, కథగా లోకమంతట ప్రచారములో నున్నది. నేను దీనిని చదివిననాడు పుస్తకము మూసి చాలసేపు బయట అరుగుపై కూర్చుంటిని. ఆ మాట నాకు క్రొత్తది కాదు.

ఇక ఆ ఎద్దు. పాశ్చాత్యుల లెక్కప్రకారము ఆయన పుట్టినది వృషభరాశిలో. అందుచే ఎద్దును చిహ్నముగా గైకొనెను. మన పంచాంగముప్రకారము ఏప్రిల్ 28న సూర్యుడింకను మేషములోనే యుండును. మన సిద్ధాంతి జాతకము వ్రాసియుండినచో ఆ కార్లపై పొట్టేలుండెడిది! మియురా అనునది స్పెయిను దేశములో పోట్లాట ఎడ్లను పెంచు ఒక కుటుంబపు పేరు. అక్కడి ఎడ్లు బండలను లాగవు. బరిలో మనిషితో పోరాడి చచ్చును. ఆ వినోదము నాకు రుచింపదు. పేరుమాత్రము బండికి తగినట్లున్నది.

ఈ బండిని తలపెట్టినది యజమాని కాదు. ఆయనయొద్ద జాంపాలో దల్లారా, పావోలో స్తాంజాని అను ఇద్దరు ఇంజనీర్లు ఉండిరి. న్యూజీలాండునుండి వచ్చిన బాబ్ వాలెస్ అనువాడు కార్లను తోలి పరీక్షించువాడు. 1965లో ముగ్గురును ముప్పది నిండనివారే. యజమాని వద్ద నియమములుండెను. పందెపు కార్లు ఆయనకు వలదు, సుఖముగా దూరము పోగల కార్లే కావలెను. ఈ యువకులు పగటి పని ముగిసిన పిమ్మట తమ బండిని గీసికొనుచుండిరి.

వారి ఆలోచన ఇట్టిది. అప్పటివరకు బజారులో తిరుగు పెద్ద కార్లలో ఇంచుమించు అన్నిటను యంత్రము ముందుండెడిది. గుఱ్ఱము బండికి ముందుండినట్లే. పందెపు కార్లలో మాత్రము దానిని తోలువాని వెనుక, వెనుక ఇరుసుకు ముందు అమర్చుట అప్పటికే అలవాటైనది. వీథిలో తిరుగు చిన్న బండ్లలో ఒకరిద్దరు ప్రయత్నించియుండిరి. పండ్రెండు సిలిండర్ల పెద్ద యంత్రముతో ఆ పని చేయుట కష్టము. ఏలయనగా అది నిడుపైనది, దానికి గేర్ల పెట్టె తగిలించినచో బండి తోకవలె సాగును. దల్లారా ఆ యంత్రమును అడ్డముగా త్రిప్పెను. ఈ సూచన ఆయనకు దొరకినది రాజుల బండినుండి కాదు. 1959లో అలెక్ ఇసిగోనిస్ ఇంగ్లండులో సామాన్యుల కొరకు కట్టిన మినీ అను బుల్లి కారులో యంత్రమును ముందు అడ్డముగా పెట్టియుండెను. దానినే వెనుకకు తెచ్చి, యంత్రమును గేర్లను ఒకే పోతలో ఇమిడ్చిరి.

దీనివలన మేలేమి? పట్టణపు పిల్లలకు చెప్పవలెనేమో గాని, మా ఊరి పిల్లలకు అక్కరలేదు. బండి కట్టినవాడు ఎవడైనను ఎరుగును: బస్తాల బరువు వెనుకకు పడినచో కాడి పైకి లేచి మెడపట్టెడ ఎడ్ల గొంతు నొక్కును, ముందుకు పడినచో మెడలు కుంగును. ఇరుసుకు అటునిటు సరిచూచి బరువు నడుమకు చేర్చినవాడే బండివాడు. అట్టి బండి మలుపున తేలికగా తిరుగును. బరువైనది నడుమ నున్నచో కారును అంతే. ఆనాడు ఆ బాలుడు చెప్పబోయిన సగము వాక్యము ఇదియే. వాడు దానిని పుస్తకమున చదువలేదు. తండ్రి బండిపై బస్తాలు సర్దుచు నేర్చెను. ఆ బొమ్మలో దానిని గుర్తించెను. నేను వానికి ఉత్పలమాల గణములు వచ్చునో లేదో చూచితిని.

1965 నవంబరులో టూరిన్ నగర ప్రదర్శనలో ఆ బండి అస్థిపంజరమును మాత్రమే నిలిపిరి. తేలిక కొరకు చిల్లులు పొడిచిన ఉక్కు చట్రము, నడుమ అడ్డముగా యంత్రము. పైరేకు లేదు. అయినను కొందరు అది చూచియే కొనుటకు ముందుకు వచ్చిరి. పైరేకును రూపించు పనిని బెర్తోనే సంస్థవారు గైకొనిరి. ఆ పని మార్చెల్లో గాందీని అను ఇరువది యేడేండ్ల యువకునికి దక్కినది. 1966 మార్చిలో జెనీవా ప్రదర్శననాటికి బండి సిద్ధమైనది. యంత్రమును లోపల ఇమిడ్చి చూచుటకు వేళ చాలక, అక్కడ బరువులు పెట్టి మూత బిగించి ప్రదర్శించిరని చెప్పుదురు. మూత తీయుమని అడిగినవారికి ఏమి సాకు చెప్పిరో!

3,929 ఘన సెంటీమీటర్ల యంత్రము, 350 అశ్వశక్తి, నేలనుండి కప్పువరకు ఇంచుమించు మూడున్నర అడుగుల ఎత్తు. 1973వరకు ఏడువందల అరువదికి పైగా బండ్లు చేసిరి. సూపర్ కారు అను మాట ఈ బండితోడనే వాడుకకెక్కినదని పలువురందురు. సంఖ్య చిన్నది, పోలిక పెద్దది. 1971లో మాసెరాటివారి బోరా వచ్చినది. ఫెరారీవారు సైతము తమ పండ్రెండు సిలిండర్ల బజారు కారులో యంత్రమును 1973నుండి తోలువాని వెనుకకు చేర్చిరి. ఆ యువకులుకూడ మరుగునపడలేదు. గాందీని పిమ్మట కౌంటాష్‌ను గీసెను. రెనో సంస్థవారి లారీకి కూడ రూపమిచ్చెను. 2024లో కాలధర్మము నొందెను. దల్లారా 1972లో స్వంత సంస్థ నేర్పరచెను. నేడు అమెరికాలోని ఇండీకార్ పందెములలో పరుగెత్తు కార్ల చట్రములన్నియు ఆయన సంస్థవే.

దోషములు లేవా? ఉన్నవి. మియురాలో ఇంధనపు తొట్టి ముందుండెను. అది ఖాళీయగుకొలది ముందు తేలికపడి, మితిమీరిన వేగమున మూతి పైకి లేవజూచెడిది. కాడి లేచిన బండివలెనే. వీపు వెనుక యంత్రము మ్రోయుచుండగా లోపల వేడి భరింపరానిది. ధర సంగతి చెప్పనేల. అట్టి కారు మా కోదాడ బాటపై ఒక్క గుంతను దాటలేదు. గంటకు 270 కిలోమీటర్లకు పైగా పోవలసిన తొందర మనుష్యునకు ఏమున్నదో నాకు నేటికిని తెలియదు. నాకు ఆశ్చర్యము కలిగించినది వేగము కాదు. కొలువులోని కుఱ్ఱవాండ్రు తన నియమమునకు విరుద్ధముగా, రాత్రులు కూర్చుండి గీసిన కాగితములు చేతికి వచ్చినప్పుడు, ఆ ట్రాక్టర్ల యజమాని వానిని చింపివేయలేదు. కానిండనెను. ఎక్కువ బండ్లు అమ్ముడుకాకున్నను పేరు వచ్చునని తలచెను.

ఆయనకు తుదవరకు సుఖము లేదు. ట్రాక్టర్ల వ్యాపారము దెబ్బతిని, 1973లో ఆ సంస్థ సామే అను మరియొక ట్రాక్టర్ల సంస్థకు చేరెను. కార్ల సంస్థలో తన వాటాలను 1972లో కొంత, 1974లో మిగిలినది అమ్మివేసెను. ఉంబ్రియా సీమలో ఒక సరస్సు చెంత భూమి కొని, ద్రాక్ష పండించుచు, 1993లో మరణించువరకు అక్కడనే యుండెను. తలిదండ్రులు చేసిన పనికే తిరిగి వచ్చెనన్నమాట.

ఇవన్నియు మనసులో పెట్టుకొని నేను ఈ శివరాత్రికి బరి అంచున ఆ ట్రాక్టరు దగ్గర నిలిచితిని. నా శిష్యుడు దిగి నమస్కరించెను. తల నెరసినది. కోదాడలో మెకానిక్కు పని నేర్చి, ఊరిలో ట్రాక్టర్లు బాగుచేయు షెడ్డు పెట్టి పాతికేండ్లు కావచ్చినదట. తండ్రి ఇప్పుడు లేడు. మరునాడు ఉదయము షెడ్డుకు పోయి నేను చెప్పవలసినది చెప్పితిని. రైతుబిడ్డ లంబోర్గిని కథ మొదలుపెట్టగా వాడు చిరునవ్వు నవ్వెను.

“ఆయన ట్రాక్టర్లు చేసిండని నాకు ఎన్కటనే తెలుసు సార్. అందుకే గద ఆ ఎద్దును ట్రాక్టరు మీద ఏసిన. మూపురం మరిచినవేందిరా అని అందరు నవ్వుతరు.”

“ఆ కాగితము నేను చింపకుండవలసినది” అంటిని.

వాడు చేతులను గుడ్డతో తుడుచుకొనుచు కొంతసేపు ఊరకుండెను. “చింపింది యాదిల్లేదు సార్. కాగితమే గద, పోతే పోయింది. మా నాయనను అంటిరి సూడుండ్రి, అది యాదున్నది. ఇంటికి పోయి ఆయనకు చెప్పలే. ఆయన పోయిందాక చెప్పలే.”

నేనేమియు అనలేకపోతిని. షెడ్డులో ఎవరో కుఱ్ఱవాడు సుత్తితో రేకు సరిచేయుచుండెను. ఆ చప్పుడు ఆగువరకు ఇద్దరమును నిలిచియుంటిమి. పిదప వాడే నన్ను వెనుకకు తీసికొనిపోయి, క్రొత్తగా కట్టిన ట్రాలీని చూపెను. ఇంకను రంగు తడి ఆరలేదు. ఇరుసు ఎక్కడ పెట్టినదియు, బరువు ఎట్లు పడునదియు చేయి చాచి వివరించెను. ఈ మారు నేను చివరివరకు వింటిని. అర్థము కానిచోట అడిగితిని.

“ఎనక పలక మీద పేరు రాయాలె సార్. మీ అక్షరాలు గుండ్రంగ ఉంటయి. నల్లబల్ల మీద ఇప్పటికి కండ్లల్ల మెదులుతయి. మీరే రాయుండ్రి.”

“ఏ పేరు?”

“మా నాయనది.”

రెండేండ్లు హాజరు పట్టీలో ఆ పేరులోని మొదటి అక్షరము వ్రాసినవాడను. పేరేమో నాకు తెలియదు. అడిగి తెలిసికొంటిని. కుఱ్ఱవాడు కుంచెయు తెల్లరంగు డబ్బాయు తెచ్చెను. ఇంటిపేరుతో సహా వ్రాసితిని. ఆ పేరులో ఒక వత్తు కలదు. చేయి వణకకుండ దానిని మూడవమారుగాని దిద్దలేకపోతిని. వాడు దూరముగా నిలిచి చూచి, కుడిచేతివైపు కొంచెము క్రిందికి దిగినదని చెప్పగా, తుడిచి మరల వ్రాసితిని.